ప్లాట్ నంబర్ 31 హద్దురాయికి

మహారాజశ్రీ హద్దురాయి గారికి,

ఒడిశా బరంపురం నుంచి నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. మీకేం, సగం మట్టిలో, సగం సున్నంలో, ఎండా వానా లెక్కలేకుండా ఉంటారు.

ఈ ‘గారూ, మీరూ’ రాస్తుంటే మా బ్రోకర్ గొంతే వినిపిస్తోంది. డబ్బు చేతిలో పడేదాకా నన్ను ‘సార్, మీరు’ అన్నాడు. పడ్డాక ‘తమ్ముడూ, నువ్వు’ అయ్యాను. అందుకని నిన్నూ నువ్వనే అంటాను.

నాకు ఇరవై నాలుగేళ్లు. మొబైల్ షోరూంలో ఉద్యోగం. ‘కుర్రతనంలోనే ఒక ముక్క భూమి కొని పడెయ్, అదే పెరుగుతుంది’ అని ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ చెప్పాడు. అలా చెప్పిన వాళ్లలో సగం మంది అద్దె ఇళ్లలోనే ఉన్నారన్నది అప్పుడు తట్టలేదు. బ్రోకర్ అన్న నన్ను బండెక్కించుకుని హైవే దిగి మట్టిరోడ్డు పట్టాడు. దారి పొడుగునా గోపాల్‌పూర్ పోర్టు, ఐసర్ క్యాంపస్, రాబోయే రింగు రోడ్డు కబుర్లే. అక్కడికి చేరాక నువ్వు. తెల్లటి సున్నం, నెత్తిన ఎర్ర రంగు, నుదుట 31. పెళ్లిచూపుల్లో పిల్లాడిలా నిలబడ్డావు. నీ మీద చెయ్యి వేసి ఫొటో దిగి స్టేటస్ పెట్టాను. 112 మంది చూశారు. అందులో ఒక్కరూ ‘పట్టా చూశావా’ అని అడగలేదు. అందరూ ‘పార్టీ ఎప్పుడు’ అనే అడిగారు.

ఇక కొలతలు. రేటు గుంటకి పదిహేను లక్షలన్నాడు. హైదరాబాద్‌లో ఉండే మా బావకి ఫోన్ చేస్తే, ‘గుంటంటే 121 గజాలేరా, అంత రేటా!’ అని గుండెలు బాదుకున్నాడు. బావకి తెలిసిన గుంట ఎకరంలో 40వ వంతు. మా ఒడిశా గుంట 25వ వంతు. అంటే నాలుగు డిసిమిల్, 1,742 చదరపు అడుగులు, 193 గజాల పైమాట. ఇచ్ఛాపురం మావయ్యకి గుంటలు ఎక్కవు, సెంట్లలో చెప్పమంటాడు. అదృష్టం కొద్దీ ఆయన సెంటూ మా డిసిమిలూ ఒకటే, రెండూ ఎకరంలో నూరో వంతు. ఇన్ని లెక్కలు తెలిసిన నన్ను ఎవడు ముంచుతాడు అనుకున్నాను. చివరికి టేపు పట్టుకుని నేనే కొలిస్తే తేలింది: రేటు కట్టేటప్పుడు ఒడిశా గుంట, నిన్ను పాతేటప్పుడు హైదరాబాద్ గుంట.

మా నానమ్మ ఇచ్ఛాపురం ఆడపడుచు. ఆవిడ భాషలో గుంట అంటే ఆడపిల్ల. దీనికి తోడు బ్రోకర్ వాట్సాప్‌లో పంపిన ఖతియాన్ ఫొటో. ఖతియాన్ అంటే మా దగ్గర భూమి రికార్డు కాగితం. నేను ఒడియాలో బేరమాడగలను, కొట్లాడగలను. చదవాలంటే మాత్రం కూడబలుక్కోవాలి. ‘కిసమ్’ అన్న గడిలో ‘శారద’ అని ఉంది. భూమిగలాయన కూతురి పేరేమో అనుకున్నాను. అదే అమ్మకి చదివి వినిపిస్తుంటే, వంటింట్లోంచి నానమ్మ బయటికొచ్చింది.

‘ఎవరి గుంటరా? శారదా? పేరు లక్షణంగా ఉంది. అయితే పదిహేను లక్షలు మనం ఇవ్వడమేంట్రా?’

ఆవిడకి నచ్చజెప్పేసరికి రాత్రయింది. ఆ వ్యవహారం మొత్తంలో సరైన ప్రశ్న అడిగింది ఆవిడ ఒక్కతే.

కిసమ్ అంటే నేల రకమనీ, శారద అంటే వరి పండే పొలమనీ ఆలస్యంగా తెలిసింది. ఇల్లు కట్టుకునే స్థలమైతే ఆ గడిలో ‘ఘరబారి’ అని ఉండాలి. పొలాన్ని అలా మార్చాలంటే 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద అర్జీ పెట్టి, డబ్బు కట్టి, ఆర్డరు తెచ్చుకోవాలి. ‘అవన్నీ మేం చూసుకుంటాం’ అన్నాడు అన్న. చూస్తూనే ఉన్నాడు పాపం, ఇప్పటికీ.

శారదతోనే అయిపోతే బాగుండేది. తర్వాత భూలేఖ్ అనే సర్కారు భూరికార్డుల సైట్లో వెతికితే, ప్లాటు రెండు సర్వే నంబర్లలో ఉందని తేలింది. నువ్వు కాలు మోపిన రెండో నంబరుకి కిసమ్ ‘గోచర’ అని వచ్చింది. మన తెలుగులో గోచరం అంటే కంటికి కనబడేది. కనబడుతూనే ఉంది కదా అని నేనూ సంతోషించాను. ఒడియాలో అది ఊరి పశువులు మేయడానికి వదిలిన నేల, ఒకడు అమ్మేదీ కాదు, ఇంకొకడు కొనేదీ కాదు. నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆ మేకలు నన్నెందుకు అలా చూసేవో అప్పుడు అర్థమైంది. రికార్డుల ప్రకారం ఆక్రమణదారుణ్ని నేనే.

అడ్వాన్స్ 51,000 నగదు. భూమి వ్యవహారంలో 20,000, ఆపైన నగదు పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. అన్నకి చట్టమంటే భయభక్తులు. అందుకే 17,000 చొప్పున మూడు కవర్లలో పెట్టి తెమ్మన్నాడు. మొత్తం కలిపే లెక్కేస్తారని ఆ కవర్లకి తెలియదు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ని రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదు చేయకుండా అసలు ప్రచారమే చేయకూడదట, 2016 చట్టం. రెరా నంబరు అడిగితే తన రెండో ఫోన్ నంబరు ఇచ్చాడు. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా 10 శాతం మించి అడ్వాన్స్ తీసుకోకూడదని కూడా అందులోనే ఉంది. ఆ ఒక్క నియమం మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు.

అమ్మ పేరున రిజిస్టర్ చేస్తే స్టాంపు డ్యూటీ 5 బదులు 4 శాతం. ఆ మిగిలే ఒక శాతంతో అమ్మ మిక్సీ కూడా చూసి పెట్టుకుంది. మిక్సీ ఇంకా షాపులోనే ఉంది.

డబ్బు వెనక్కి అడిగితే, ‘రాయగడ వైపు చవగ్గా ఉంది, అందులో సర్దేస్తా’ అన్నాడు. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాడికి దక్కకుండా 1956లోనే రెగ్యులేషన్ తెచ్చారు. ఆ మాటంటే నవ్వి, ‘పేరు వేరేవాళ్లది ఉంటుంది తమ్ముడూ, పొలం నీది’ అన్నాడు. నిన్ను కొన్నవాడు ఏదైనా కొంటాడని అతని నమ్మకం. రాయీ, ఇందులో నీ తప్పు లేదు కానీ నీ పాత్ర ఉంది.

మా షోరూం అకౌంటెంట్ ఒకాయన, ‘భూమి మీదే మోజుంటే రీట్ యూనిట్లు కొనాల్సింది, అద్దెలొచ్చే పెద్ద భవనాల్లో చిన్న వాటాల్లాంటివి, 2019 నుంచీ స్టాక్ మార్కెట్లో ఉన్నాయి, ఒక్క యూనిట్ అయినా కొనొచ్చు, పడినా లేచినా రేటు రోజూ కనబడుతుంది’ అన్నాడు. నిజమే కావచ్చు. దాని మీద చెయ్యి వేసి ఫొటో ఎలా దిగాలో ఆయన చెప్పలేదు.

మొన్న ఆదివారం మళ్లీ వచ్చాను. కొత్త సున్నం కొట్టారు నీకు. 31 చెరిపేసి 18 రాశారు, వయసు తగ్గినట్టుంది. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి నీ పక్కన నిలబడి ఉంది. ఆ అబ్బాయి నా చేతికి ఫోన్ ఇచ్చి, ‘అన్నా, రాయి మీద నంబరు పడేలా ఒక ఫొటో తియ్యవా’ అన్నాడు. తీశాను. ఫోన్ తిరిగిస్తూ ఉండబట్టలేక, ‘తమ్ముడూ, ఇందులో శారద ఉంది, నీకు తెలుసా?’ అన్నాను.

ఆ అమ్మాయి నీ మీంచి చెయ్యి తీసి, మొగుడి వైపు తిరిగింది.

‘శారద ఎవరు?’

ఇట్లు,
51,000 మేరకు నీ మాజీ యజమాని