సమయాభావమట!

నిన్న సాయంత్రం ఒక సాహిత్య సభలో నా చేతిలోని మైకు లాగేసుకున్నారు. తెల్లారినా కోపం దిగలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ప్రాచీన గ్రీకుల కాపరి కవిత్వం మీద ఉపన్యాసం. వేణువు, సెలయేరు, ప్రశాంతత, మళ్లీ వేణువు. నలభై నిమిషాలు ఇదే! ఆ కవిత్వానికి ఆద్యుడైన థియోక్రిటస్‌ను ఈయన ఒక్క పుట చదివి ఉంటే నా పేరు మార్చుకుంటాను. క్రీ.పూ. 3వ శతాబ్దపు ఆ సిసిలీ కవి కాపరులు పాటల పోటీకి ముందే జగడానికి దిగుతారు. నా మేకతోలు నువ్వే దొంగిలించావని ఒకడు, నా పిల్లనగ్రోవి ఎత్తుకుపోయింది నువ్వేనని ఇంకొకడు. ఆ తర్వాత వచ్చే బూతులు సభలో చదవలేం. మరో పద్యంలో దూడ ఎముకలగూడై ఉంటుంది, కాపరి కాలిలో ముల్లు దిగుతుంది. పక్కవాడు ఆ ముల్లు తీసి, కొండకు చెప్పులు లేకుండా రావద్దని మందలిస్తాడు.

నేను లేచి ఆ ముల్లు సంగతే చెప్పాను. "ముల్లు చిన్న విషయమండీ, ఆత్మను చూడాలి" అన్నారు వక్తగారు. దిగినవాడిని అడగాల్సింది!

థియోక్రిటస్ మాత్రం మేకలు కాశాడా? ఈజిప్టును ఏలిన టాలెమీ రాజును పొగిడి పద్యం రాసినవాడే. అయినా ముల్లును మరిచిపోలేదు. మరిచిపోయింది తర్వాతివాళ్లు. వెర్సాయి రాజభవనం ఆవరణలో ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్ ముచ్చటపడి ఒక పల్లెనే కట్టించుకుంది, 1783లో పని మొదలుపెట్టి. మన వక్తగారిని అక్కడ కాపరిగా పెట్టాల్సింది.

అసలు మంట ఇది కాదు. రోమన్ కవి వర్జిల్ కాపరి పద్యాల్లో మొదటిదాని గురించి నోరు తెరవబోతుండగానే మైకు పోయింది. అందులో చెట్టు నీడన పిల్లనగ్రోవి ఊదేవాడు ఒకడే అందరికీ కనిపిస్తాడు. ఎదురుగా భూమి పోగొట్టుకుని వెళ్లిపోతున్నవాడు ఉన్నాడు. దున్నుకున్న పొలం ఎవడో సైనికుడి పాలయింది. దారిలో మేక కవలలను ఈనితే, ఆ కూనలను వట్టి రాతి మీదే వదిలేసి మందను తోలుకుపోతున్నాడు. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

సమయాభావమట! శాలువాలకు ముప్పావుగంట ఎక్కడినుంచి వచ్చింది? మూడేళ్ల క్రితం ఇదే సంస్థ నా వ్యాసానికి అయిదు నిమిషాలిచ్చి, మూడో నిమిషంలో గంట కొట్టింది. అదీ మరిచిపోలేదు.

పైగా నిన్న బయటికి వస్తుంటే కార్యదర్శిగారు పరుగున వచ్చి, మిగిలిపోయిన శాలువా ఒకటి నాకు కప్పారు.