తాబేలు తొట్టిని చూసి పెరగడం ఆపుకోదు

వాట్సాప్‌లో మళ్లీ అదే మెసేజ్ తిరుగుతోంది. రూపాయి బిళ్లంత తాబేలు పిల్లను తెచ్చుకోండి, చిన్న తొట్టిలో పెడితే చిన్నగానే ఉండిపోతుంది, 300 ఏళ్లు బతుకుతుంది, డిప్ప మీద గీతలు లెక్కపెడితే వయసు తెలిసిపోతుంది, వాస్తుకీ మంచిది అని. వాస్తు ఎవరి నమ్మకం వాళ్లది, దాని జోలికి పోను. మిగతా మూడూ తప్పే.

ముందు తొట్టి సంగతి. అక్వేరియం షాపుల్లో అమ్మే ఆ ఆకుపచ్చ పిల్ల, కంటి వెనక ఎర్ర చార ఉండేది, రెడ్ ఇయర్డ్ స్లైడర్. గుడ్డులోంచి వచ్చినప్పుడు 3 సెంటీమీటర్లుంటుంది, ఆడదైతే 25 నుంచి 30 దాకా, అంటే అన్నం తినే కంచమంత అవుతుంది. పెరగలేదంటే తిండి సరిపోక, కాల్షియం అందక, ఎండ తగలక ఎదుగుదల ఆగిపోయిందన్నమాట. మా పిన్ని వాళ్లింట్లో రెండేళ్ల తాబేలు పిల్ల ఉండేది. "ఎంత ముద్దుగా ఉందో చూడు, తెచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది" అని పిన్ని మురిసిపోతుంటే డిప్ప అంచు మీద వేలు పెట్టి నొక్కాను, తడిసిన అట్టలా లోపలికి దిగిపోయింది. ఆ వయసుకి గోటితో కొడితే టక్కుమనాలి. తొట్టి కిటికీ పక్కనే ఉంది, ఎండ పడుతూనే ఉంది, కానీ ఎముక గట్టిపడటానికి కావాల్సిన యూవీబీ కిరణాల్ని గాజు అడ్డుకుంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండు నెలలు తిరక్కుండానే అది చచ్చిపోయింది, ఇప్పటికీ ఆ మెసేజ్ చూస్తే నాకు కోపం ఆగదు.

అలాగని ఎండొక్కటే ఉంటే సరిపోదు. నేల తాబేలు పిల్లల్ని గాలిలో తేమ లేనిచోట పెంచితే డిప్ప నున్నగా రాకుండా గుట్టలు గుట్టలుగా లేస్తుంది, సల్కాటా అనే ఆఫ్రికా నేల తాబేలు పిల్లల మీద 2003లో వచ్చిన పరిశోధన తేల్చింది ఇదే.

300 ఏళ్లంటారా? అన్నిటికంటే ముసలిదని గిన్నిస్ రికార్డుకెక్కిన జోనాథన్ అనే తాబేలును 1882లో సెయింట్ హెలెనా దీవికి తెచ్చేటప్పటికే బాగా ఎదిగి ఉంది కాబట్టి 1832 ప్రాంతంలో పుట్టి ఉంటుందని అంచనా వేశారు. 2006లో కోల్‌కతా జూలో పోయిన అద్వైతకు 250 ఏళ్లన్నారు గానీ అది రుజువు కాలేదు. పైగా అవన్నీ రాక్షస తాబేళ్లు. మీ తొట్టిలోది బాగా చూసుకుంటే 20, 30 ఏళ్లు బతుకుతుంది. అదైనా తక్కువేం కాదు, ఇవాళ మీ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల పెళ్లీడుకి వచ్చేదాకా దానికి నీళ్లు మార్చాలి!

గీతల లెక్క కూడా అంతే. తిండి బాగా దొరికితే ఒకే ఏడాదిలో ఒకటికి మించి పడొచ్చు, ముసలివాటికి అరిగిపోతాయి, స్లైడర్‌కైతే పై పొరలే ఊడిపోతాయి.

ఇంకోటి, మెసేజ్ కింద పెట్టిన ఫోటోలో ఉన్నది నక్షత్ర తాబేలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, ఇంట్లో పెట్టుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు. స్లైడర్ ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం చెరువులోనో గుడి కోనేట్లోనో వదిలేయకండి, మన తాబేళ్ల తిండికి, చోటుకి ఎసరు పెడుతుంది. రోజూ కాసేపు నేరుగా పొద్దుటి ఎండలో పెట్టండి, పక్కన నీడ కూడా ఉండేలా చూడండి.