ప్లాస్టిక్ రాయి గారికి

మహారాజశ్రీ ప్లాస్టిక్ రాయి గారి సముఖమునకు,

గచ్చిబౌలి నుంచి తమ భక్తుడు నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మాల్‌లో మూడో అంతస్తున, ఏసీ చల్లదనంలో, మేం ఎక్కడం సాధన చేసే ప్లైవుడ్ గోడకు బోల్టు బిగించుకుని, పసుపు రంగు పట్టులతో వేసిన రూట్లో కింది నుంచి నాలుగో పట్టుగా, అంటే హోల్డుగా తమరు గుండ్రాయిలా ఉన్నారని తలుస్తాను. నిన్న సాయంత్రం చాక్ పొడి పూసుకున్న చేతులతో తమర్ని మూడుసార్లు పట్టుకుని మూడుసార్లూ జారిపడింది నేనే. గుర్తుపట్టి ఉంటారు.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. మొదట్లో తమర్ని చిన్నచూపు చూశాను. నేను రాళ్లెక్కడం నేర్చింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అదే హెచ్‌సీయూ క్యాంపస్‌లో. డిసెంబర్‌లో పొద్దున్నే ఆరింటికి సీనియర్ అన్న ఒకడు హాస్టల్ పరుపు నెత్తిన పెట్టుకుని ముందు నడిచేవాడు. అదే మాకు క్రాష్ ప్యాడ్, పడితే దెబ్బ తగలకుండా కింద పరిచేది. సీతాఫలం పొదల్లోంచి దూరి, రాతి కింద తేళ్లేమైనా ఉన్నాయేమో కర్రతో కెలికి, పరుపు పరిచి, అప్పుడు ఎక్కేవాళ్లం. పట్టు అంటే అక్కడ చేతికందే మెట్టు కాదు. రాతిలో గోరంత అంచు, లేదా ఏ అంచూ లేని గరుకు. బూటు ముందుభాగాన్ని ఆ గరుక్కి అదిమి, బరువంతా దాని మీద వేసి, నమ్మాలి. నమ్మకపోతే జారతాం. నమ్మినా కొన్నిసార్లు జారతాం.

వేళ్ల కొసల చర్మం లేచిపోయేది. అది నొప్పి కాదు సార్. అసలు నొప్పి మధ్యాహ్నం మెస్‌లో, వేడన్నంలో ఆవకాయ కలిపేటప్పుడు తెలిసేది. చెంచా అడిగితే పక్కవాళ్లు నవ్వుతారని కళ్లనీళ్లతోనే కలుపుకునేవాణ్ని.

తమరి దగ్గర ఆ బాధ లేదు. తమరిది పాలీయురేథేన్ దేహం, ఎవరి చర్మమూ ఊడదీయదు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో రంగే చెబుతుంది. కొన్నాళ్లకోసారి బోల్టులు విప్పే ఆలెన్ కీ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చి తమర్ని విప్పి, బ్రష్‌తో రుద్ది, స్నానం చేయించి, ఇంకో చోట బిగిస్తాడు. ఇంత భోగం ఈ నగరంలో ఏ రాయికైనా ఉందా? గంటకు మేం కట్టే సొమ్ములో సినిమా చూసి పాప్‌కార్న్ కూడా తినొచ్చు. అయినా కడుతున్నాం. తమరంటే అంత గౌరవం మాకు.

బయట ఉన్నవాటి సంగతి చెబుతాను, నవ్వొస్తుంది. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగిన శిల చల్లారి గట్టిపడింది, పైనున్నదంతా అరిగిపోయి అది బయటపడింది, పగుళ్ల వెంట నీళ్లు దిగి మూలలు కొరుక్కుతిన్నాయి, మట్టి కొట్టుకుపోయింది. చివరికి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్లు మిగిలాయి. ఇంత కాలం పట్టింది. తమరేమో అట్టపెట్టెలో వచ్చి, మధ్యాహ్నం భోజనాల లోపు గోడెక్కేశారు. పనితనం అంటే అదీ!

ఇంకా కొన్ని మొండి గుండ్లు మిగిలే ఉన్నాయి లెండి. ఖాజాగూడ గుట్టలకు వెళ్తే ఒకే గుట్ట మీద దర్గా, గుడి, ఆ మధ్యలో తలకిందులుగా వేలాడుతూ తాడు లేకుండా గుండ్లెక్కే మా బౌల్డరింగ్ పిల్లలు కనిపిస్తారు. యాభై కిలోమీటర్ల దూరాన భువనగిరిలో కోట మోస్తున్న ఏకశిల ఉంది, ఎత్తు 500 అడుగుల పైమాటే. అక్కడి రాక్ క్లైంబింగ్ స్కూల్లో తాడు పట్టడం నేర్చుకున్న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు ఇద్దరు, మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగు నిండలేదు. పాపం, తమరి సేవ చేసుకునే భాగ్యం లేక వాళ్లు నల్లరాతితోనే సరిపెట్టుకున్నారు.

రాళ్లను కాపాడండని 1996 నుంచి ఒక సొసైటీ మొత్తుకుంటోంది. తొమ్మిది శిలా సముదాయాలను వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కించారు. మా క్యాంపస్‌లోని మష్రూమ్ రాక్ అందులో ఒకటి. తొమ్మిది! నవగ్రహాల్లా లెక్క సరిపోయింది, మిగతావాటికి శాంతి చేయించేశాం. 2025 మార్చి ఆఖర్లో ఆ పక్కనే కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి చెట్లు కొట్టి చదును చేసే యంత్రాలు దిగితే విద్యార్థులు అడ్డం తిరిగారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అప్పుడు కూడా జింకలకూ నెమళ్లకూ చెట్లకూ కన్నీళ్లు కార్చినవాళ్లు రాయి దగ్గరికి వచ్చేసరికి జేబురుమాలు మడిచి పెట్టేశారు. రాయికి కళ్లు లేవు కదా, ఫొటోలో జాలిగా పడదు.

కొండను తవ్వి ఎలుకను పట్టడం పాత సామెత. ఇప్పుడు కొండను తవ్వి త్రీ బెడ్‌రూమ్ పడుతున్నాం, పోయిన కొండ పేరే అపార్ట్‌మెంటుకు పెడుతున్నాం. నేనూ అలాంటి దాంట్లోనే అద్దెకున్నాను. వంటగట్టు మీద పరిచింది గ్రానైటే, నున్నగా పాలిష్ పట్టారు. ఒక రాత్రి ఎవరూ చూడకుండా దాని అంచు పట్టుకుని వేలాడి చూశాను. మిక్సీ కింద పడింది. మా ఆవిడ ఏమందో తమరికి రాయను.

స్నేహితుణ్ని అడిగాను, ఒరేయ్, ఆదివారం బయటి రాళ్ల దగ్గరికి పోదామా అని. "ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి? ఇక్కడైతే పార్కింగ్ ఉంది," అన్నాడు. జవాబు తోచలేదు.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం నిన్నటి ముచ్చట. మాల్ వెనక గుట్టను సెల్లార్ల కోసం తవ్వుతున్నారు కదా, తమరి గోడకు కిటికీ లేదు గనక తెలిసి ఉండదు. నేను తమర్ని పట్టుకుని నాలుగోసారి ప్రయత్నిస్తుండగా సైరన్ మోగింది. తర్వాత ధన్‌మని పేలుడు. గోడ ఒణికింది. తమరు నా చేతిలోనే అరంగుళం పక్కకు తిరిగారు. కుర్రాడు నిచ్చెన, ఆలెన్ కీ పట్టుకుని పరుగెత్తుకొచ్చి తమర్ని గట్టిగా బిగించాడు, చుట్టూ తడిమి చూశాడు, "ఏం కాలేదన్నా, రాయి బాగానే ఉంది," అన్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
పసుపు రూట్లో నాలుగో హోల్డు దగ్గర రోజూ జారిపడేవాడు