ఒకే జంపఖానకు రెండు ధరలు

వరంగల్ కొత్తవాడలోని ఒక చేనేత సంఘానికి మా సంస్థ తయారుచేసిన వెబ్‌సైటులో సెర్చ్ ఎలా పనిచేస్తుందో చూపించడానికి నిన్న మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాను. కుర్చీలు వేయడం, ఛాయ్ రావడం, ప్రొజెక్టరు కోసం గోడకు తెల్ల దుప్పటి కట్టడం వంటివన్నీ మామూలుగానే జరిగాయి కనుక వదిలేస్తున్నాను. వరంగల్ జంపఖానలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు కొనేవాళ్లు ‘జంపఖాన’ అని కొట్టినా, ‘జంపఖానాలు’ అని కొట్టినా, ‘దర్రీ’ అని కొట్టినా అదే సరుకు కనబడాలని సంఘం వాళ్లు అడిగారు. న్యాయమైన కోరికే.

దానికోసం, వెబ్‌సైటు వెనక వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ అయిన సోలర్‌లో, పదాలను విడగొట్టి దాచుకునే పద్ధతిని మార్చాం. ఆ పద్ధతి మారితే పాత ఇండెక్సు, అంటే వెతకడానికి సిద్ధం చేసుకున్న పదాల పట్టిక, అక్కరకు రాదు కనుక, సరుకు వివరాలన్నింటినీ ఒక కొత్త కలెక్షన్‌లోకి (సోలర్ వివరాలను దాచుకునే అరలాంటిది) మొదటినుంచి ఎక్కించాలి. వెబ్‌సైటుకు మాత్రం కలెక్షన్ల అసలు పేర్లతో పనిలేదు. అది ‘దుకాణం’ అనే అలియాస్‌ను, అంటే మారుపేరును, అడుగుతుంది, ఆ అలియాస్ ఏ కలెక్షన్‌ను చూపితే అక్కడినుంచి జవాబు వస్తుంది. చౌరస్తాలో కొట్టు బోర్డు అదే ఉండి లోపల యజమాని మారిపోయినట్టన్నమాట. కొత్త కలెక్షన్ సిద్ధమయ్యాక క్రియేట్‌అలియాస్ అనే ఒక్క ఆదేశం ఇస్తే చాలు, ఆ సంగతి జూకీపర్ అనే సమన్వయ సాఫ్ట్‌వేర్ ద్వారా క్లస్టర్‌లోని నోడ్లన్నింటికీ, అంటే కలిసి పనిచేసే సర్వర్లన్నింటికీ, తెలిసిపోతుంది, వెబ్‌సైటు ఒక్క క్షణం కూడా ఆగదు. ఈ ఏర్పాటు ఎంత సొగసైనదో సంఘం సభ్యులకు నేను చాలాసేపు వివరించాను. సోలర్ 2004లో సీనెట్ సంస్థలో పుట్టిందనీ, 2006లో అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చేతికి వచ్చిందనీ, ఎవరూ అడగకపోయినా, చెప్పాను. ముందు వరుసలో ఒకాయన ప్రశాంతంగా కునుకు తీశాడు.

నాకు తెలియని సంగతేమిటంటే, ఆ ముందు రాత్రి హైదరాబాదు కార్యాలయంలోని మా సీనియర్ ఆ ఆదేశం ఇస్తూ, కొత్త కలెక్షన్ పేరు పక్కన ఒక కామా పెట్టి, ‘ఎందుకైనా మంచిది’ అని పాతదాని పేరు కూడా చేర్చాడు. ఒక అలియాస్ ఎన్ని కలెక్షన్లనైనా చూపవచ్చు కనుక సోలర్ అభ్యంతరం చెప్పదు. అదే పేరుతో ఇదివరకే అలియాస్ ఉంటే, మార్చమంటారా అని అడిగే మర్యాద కూడా దానికి లేదు; కొత్తదాన్ని నిశ్శబ్దంగా పాతదాని మీద రాసేసి, స్టేటస్ సున్నా అని జవాబిస్తుంది. సున్నా అంటే అంతా క్షేమమని దాని లెక్క. సీనియర్ ఆ సున్నాను చూసి సంతృప్తిగా నిద్రపోయాడు. నాకు ఒక్క మెసేజి పెట్టడానికి మాత్రం ఆయనకు తీరలేదు.

అధ్యక్షుడైన పెద్దాయన స్వయంగా తాను నేసిన ఎర్ర అంచు జంపఖానను చూపించమన్నాడు. చూపించాను. ధర 1,690 రూపాయలు అని వచ్చింది. అది కొత్త ధర, సరైనదే. కానీ పైన ‘దొరికినవి’ అన్నచోట సరుకు సంఖ్య దాదాపు రెట్టింపు ఉండటం చూసి లెక్కలు రాసే ఆయన, “గిన్ని మనమెప్పుడు నేసినం?” అని పక్కవాణ్ణి అడిగాడు. నేను దాన్ని మరిపించడానికి పేజీని మళ్లీ తెరిచాను. ధర 1,450 అయింది.

ఇక్కడ కాస్త ఆగి కారణం చెప్పాలి. ఒకే ఐడీ (గుర్తింపు సంఖ్య) గల సరుకు కొత్త కలెక్షన్‌లో కొత్త ధరతోనూ, పాతదానిలో పాత ధరతోనూ ఉన్నప్పుడు, అన్ని షార్డుల నుంచి, అంటే కలెక్షన్ల ముక్కల నుంచి, వచ్చిన జవాబులను కలిపే నోడ్ తనకు ముందు అందినదాన్ని ఉంచుకుని రెండోదాన్ని పారేస్తుంది. ఏది ముందు అందుతుందన్నది ఆ క్షణపు నెట్‌వర్కు దయ. ఎక్కడో ఒక సర్వరులో సోలర్‌ను నడిపే జావా యంత్రం తన జ్ఞాపకంలోని చెత్తను ఊడ్చుకోవడానికి రెప్పపాటు ఆగితే చాలు, కొత్తవాడ జంపఖాన ధర రెండు వందల నలభై రూపాయలు దిగిపోతుంది. ఊడ్పు ముగిస్తే మళ్లీ ఎక్కుతుంది. దీన్ని వివరించడానికి నేను నోరు తెరిచేలోగానే పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“ఇంకోసారి కొట్టు బిడ్డా,” అన్నాడు.

కొట్టాను. 1,690.

“ఇంకోపాలి.”

1,450. ఆయన కళ్లలో మెరుపు వచ్చింది. “దిగుతుంది! కొట్టు కొట్టు, ఇంకా దిగుతదేమో సూద్దాం.”

“అంతకన్నా దిగదు బాపూ, ఉన్నవి రెండే ధరలు,” అన్నాను.

“రెండేనా? మేం బేరం జేస్తే నాలుగు మెట్లు దిగుతం. గిది గింత తెలివైన యంత్రమంటివి!”

కునుకు తీస్తున్నాయన కూడా లేచాడు. వెనక వరుసలోని ఒక అక్క 1,690 వచ్చిన ప్రతిసారీ “అదే ధర్మమైన ధర” అంటుంటే, ఆమె పక్కన కూర్చున్న వ్యాపారి 1,450 వచ్చిన ప్రతిసారీ “ఇగ ఆపు, గక్కడనే ఆపు” అని అరుస్తున్నాడు. కాసేపటికి గదంతా రెండు పక్షాలుగా చీలిపోయి, నేను వేలు ఎత్తితే ఊపిరి బిగబట్టడం, దించితే కేక పెట్టడం మొదలుపెట్టింది. నేను పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ చూపిస్తున్నాను. ఇంత శ్రద్ధగా చూసిన సభ నాకు ఎన్నడూ దొరకలేదు. వరసగా 1,450లే వచ్చినప్పుడు ఆ వ్యాపారి జేబులోంచి డబ్బు తీసి, “ఇస్తవా, గీ ధరకే?” అని నన్నే అడిగాడు, నేనే నేసినట్టు.

పెద్దాయనకు ఇక ఓపిక పోయింది. “నా జంపఖానను నవ్వులపాలు జేస్తుంది గీ పెట్టె. తీసెయ్ దాన్ని,” అన్నాడు. వెబ్‌సైటు సరుకులోంచి ఆ జంపఖానను తొలగించే హక్కు నాకు ఉంది. తొలగించాను. సెర్చ్ మళ్లీ కొడితే జంపఖాన చెక్కుచెదరకుండా వచ్చింది. పైగా ఇప్పుడు ఊగిసలాట కూడా లేదు, ఎన్నిసార్లు కొట్టినా 1,450. వ్యాపారి చప్పట్లు కొట్టాడు. ఇలాంటి అలియాస్‌ను వెతకమంటే రెండు కలెక్షన్లలోనూ వెతుకుతుంది గానీ, చేర్పులూ తొలగింపులూ జాబితాలో మొదటి కలెక్షన్‌కు మాత్రమే వెళ్తాయి. మొదటిది కొత్తది. అంటే సరైన ధర ఉన్న ప్రతి పోయింది, తప్పు ధరది మిగిలింది.

బయటికి వెళ్లి సీనియర్‌కు ఫోన్ చేశాను. “అలియాస్ అంటే ఉత్త పేరే కదయ్యా, దాంతో ఏమవుతుంది?” అన్నాడు. కామా సంగతి చెప్పాక కాసేపు కిమ్మనకుండా ఉండి, “సరే, మార్చేశాను, స్టేటస్ సున్నా వచ్చింది,” అన్నాడు. లోపలికి వచ్చి చూస్తే సంఖ్య సరిపోయింది, ధరలన్నీ కొత్తవే, ‘దర్రీ’ అన్నా ‘జంపఖానాలు’ అన్నా సరుకు చక్కగా వస్తున్నది. ఎర్ర అంచు జంపఖాన ఒక్కటి తప్ప.

సరుకును చేర్చే హక్కు నాకు లేదు. తీసేయడానికి నమ్మిన మనిషిని చేర్చడానికి ఎందుకు నమ్మరో మా కార్యాలయం ఇంతవరకు చెప్పలేదు. అందుకని పెద్దాయన చూస్తుండగానే హైదరాబాదు కార్యాలయానికి ఫిర్యాదు టికెట్ వేశాను. సాయంత్రానికి జవాబు వచ్చింది: “పరిశీలించాము. సదరు జంపఖానకు రెండు ధరలు కనిపించడం లేదు. టికెట్ మూసివేయబడింది.”