కొండకి 3,550 మెట్లెక్కే ఊళ్లో 42 మెట్లొక లెక్కా?

తిరుపతిలో పుట్టి మెట్ల మీద ఫిర్యాదు చేయొచ్చా అండీ? అలిపిరి నుంచి కొండకి 3,550 మెట్లు. మా కాలేజీలో దివ్యాంగ విద్యార్థుల కంప్యూటర్ ల్యాబుకి 42. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కింది గదుల్లో విరిగిన బెంచీలున్నాయి. పాపం, అవి మెట్లెక్కలేవు.

గుమ్మం దగ్గర ర్యాంపు కట్టించాం. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలని రూలు. మేం మూడడుగుల్లో ముగించి సిమెంటు మిగిల్చాం.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, పైచదువుల్లో 5 శాతం సీట్లిమ్మంది. ఇచ్చాం. సీటిచ్చాక సీటు దాకా రావడానికి దారి కూడా మేమే చూడాలట! అదీ ఆ చట్టంలోనే ఉందని ఒక పిల్లోడు చదివి చెప్పాడు. చదువు చెబితే వచ్చే తంటా ఇదే.

ల్యాబులో మా గర్వకారణం చూపుతో పాయింటర్ని కదిలించే యంత్రం. స్క్రీను కింద సన్నటి పట్టీలా ఉంటుంది. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని కళ్ల మీద వేసి, అక్కడి నుంచి తిరిగొచ్చే మెరుపుని కెమెరాతో పట్టుకుని, చూపు ఎటుందో లెక్కగడుతుంది. ఆయుధపూజ నాడు మా అటెండరు దానికి భక్తిగా గంధం పూసి కుంకుమబొట్టు పెట్టాడు, సరిగ్గా కెమెరా మీద. ఆ మర్నాటి నుంచి పాయింటరు కదల్లేదు. కమిటీ వేశాం. విద్యార్థికి ఏకాగ్రత లేదని తేలింది. బొట్టు తుడవడం అపచారం కాబట్టి ఆ కోణంలో విచారించలేదు.

రెండు కీలు ఒకేసారి నొక్కలేనివాళ్లు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకునే స్టికీ కీస్ సౌకర్యం విండోస్ 95 నుంచీ ఉచితంగానే ఉంది. షిఫ్టు ఐదుసార్లు నొక్కితే చాలు, కావాలా అని అదే అడుగుతుంది. ఆ కుయ్‌మనే శబ్దానికి ఆఫీసు వాళ్లు వైరస్ అనుకుని టెన్షన్ పడుతున్నారని అన్ని కంప్యూటర్లలోనూ తీయించేశాం.

ఇంతలో ఆ చట్టం చదివిన పిల్లోడే ఒక పని చేశాడు. సెరిబ్రల్ పాల్సీ, కుడి బొటనవేలొక్కటే మాట వింటుంది. వాళ్ల మామ లీలామహల్ దగ్గర మిక్సీలు బాగుచేస్తాడు. ఆయన పాత మౌసు విప్పి, ఎడమ క్లిక్కు నుంచి రెండు వైర్లు లాగి, కాలింగ్ బెల్ స్విచ్చికి అతికించాడు. తెరమీది కీబోర్డులో వరసలు ఒక్కొక్కటే వెలుగుతూ పోతుంటాయి. కావలసిన వరస రాగానే నొక్కాలి. ఆ తర్వాత అందులో అక్షరం వచ్చేదాకా ఆగి మళ్లీ నొక్కాలి. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లలో కూర్చున్నవాళ్లకి ఈ పద్ధతి కొత్తగా నేర్పక్కర్లేదు.

మేం తట్టుకోలేకపోయింది అది పనిచేయడం కాదు. టెండరు లేదు, మూడు కొటేషన్లు లేవు, రిబ్బను కత్తిరింపు లేదు. కాలింగ్ బెల్‌ని ఏ పద్దు కింద రాయాలి?

ఆ స్విచ్చితోనే, ల్యాబుని కిందికి మార్చమని ఒక పూటంతా కూర్చుని నాలుగు లైన్ల అర్జీ రాశాడు. పరిశీలించాం. సంతకం లేదు. రిజిస్టరు రెండో అంతస్తులో ఉంది, స్వయంగా వచ్చి పెట్టి వెళ్లమని కబురు చేశాం.