వస్తువు చేరేదాకా డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది?

ఆన్‌లైన్‌లో ఎవరో మోసపోయారన్న వార్త వచ్చిన ప్రతిసారీ చదివినవాళ్లు ఇచ్చే తీర్పు ఒకటే: ఆశకు పోయారు, అనుభవించారు. తీర్పు చెప్పడం తేలికే. పది వేల పట్టుచీరను పదిహేను వందలకే ఇస్తామంటే నమ్మినవారి సంగతి అలా ఉంచుదాం. మూడు వేల చీరకు మూడు వేలూ కట్టి చీర అందని మనిషిది ఏ ఆశ? తెలివైన మోసగాడు ధరను నమ్మేలాగే పెడతాడు. ఆషాఢం తగ్గింపు అంటూ ఓ ఇరవై శాతం కోస్తాడు, అంతే. ఊళ్లో దుకాణంవాళ్లూ అంతే కోస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మనకు ఏళ్లుగా చెబుతున్న జాగ్రత్తలు కూడా పాతబడిపోయాయి. వెబ్‌సైట్ చిరునామా పక్కన తాళం గుర్తు ఉందో లేదో చూడమంటారు. మనం పంపే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే ఆ తాళానికి అర్థం. అవతల కూర్చున్నది దొంగా దొరా అన్నది అది చెప్పదు, తాళం గుర్తు తెచ్చే ధ్రువపత్రం ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. అక్షరదోషాలుంటే అనుమానించమనేవారు, ఇప్పుడు దొంగ సైట్ల తెలుగు కూడా శుభ్రంగానే ఉంటోంది. కొన్నవారి సమీక్షలు చదవమంటారు, వాటిలోనూ దొంగవి ఉంటాయి. వాటిని అరికట్టడానికి భారతీయ ప్రమాణాల సంస్థ 2022లోనే ఒక ప్రమాణం రూపొందించింది. పాటించడం మాత్రం కంపెనీల ఇష్టానికి వదిలేశారు.

అందుకే రూపం చూసి తేల్చుకోవడం మానేసి డబ్బు నడిచే దారిని చూడాలన్నది నా వాదన. వస్తువు నా చేతికి వచ్చేదాకా నా డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? కొనేముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం భయం తీరుతుంది.

పెద్ద అమ్మకపు వేదికల్లో మన డబ్బు సాధారణంగా నేరుగా అమ్మకందారు జేబులోకి పోదు, మధ్యలో ఆగుతుంది. గొడవ వస్తే అడగడానికి ఒకరు ఉంటారు. క్రెడిట్ కార్డుతో కడితే, వస్తువు రాలేదని బ్యాంకు ద్వారా ఆ చెల్లింపును సవాలు చేసే మార్గం ఉంది. యూపీఐలో ఒక వ్యక్తి ఖాతాకు పంపిన డబ్బు క్షణాల్లో చేరుతుంది, చేరాక అది వాళ్లది. యూపీఐ మీద మనకున్న ప్రేమంతా ఆ వేగం మీదే. మోసగాడి ప్రేమా దాని మీదే.

ఇన్‌స్టాగ్రామ్‌లో చీరల అమ్మకం చూడండి. ఒక వీడియో వస్తుంది, కింద 'ధర కోసం మెసేజ్ చేయండి' అని ఉంటుంది. మెసేజ్ చేస్తే వాట్సాప్ నంబరు ఇస్తారు. 'ఈ రంగులో ఒక్కటే పీసు ఉంది మేడమ్, పది నిమిషాలు పక్కన పెడతాను' అంటారు. క్యూఆర్ కోడ్ పంపుతారు, డబ్బు కట్టి స్క్రీన్‌షాట్ పెట్టమంటారు. కట్టాక షరతులు బయటికొస్తాయి: రిటర్న్ లేదు, ఎక్స్‌ఛేంజ్ లేదు, పార్సిల్ విప్పేటప్పుడు మొదటినుంచి చివరిదాకా వీడియో తీస్తేనే ఫిర్యాదు వింటాం.

చిక్కేమిటంటే, మంగళగిరిలోనో పోచంపల్లిలోనో ఇంట్లో కూర్చుని నిజాయితీగా చీరలమ్మే మహిళ కూడా అచ్చం ఇలాగే అమ్ముతుంది. అవే మాటలు, అదే క్యూఆర్, అవే షరతులు. పైకి చూసి ఇద్దరినీ వేరుచేయడం అసాధ్యం. అమెరికాలోని అమ్మాయి వీడియో చూసి ఎంచుకోవడం, విజయవాడలోని అమ్మ డబ్బు కట్టడం, వచ్చే వేసవికి ఎవరి సూట్‌కేసులోనో చీర వెళ్లడం మన ఇళ్లలో మామూలే. పెట్టె విప్పేసరికి నెలలు గడిచిపోతాయి. చేనేత అన్నది మరమగ్గం చీర అని అప్పుడు తేలితే ఎవరిని అడగాలి?

కాబట్టి డబ్బు పంపేముందు రెండు చిన్న పరీక్షలు చేయాలి. మొదటిది, పిన్ నొక్కేముందు తెరమీద కనిపించే పేరు చదవడం. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు బ్యాంకు రికార్డుల్లో ఉన్న అసలు పేరునే చూపించాలి. పేజీ మీద ఏదో సిల్క్స్ అని ఉండి, తెరమీద దానితో ఏ సంబంధమూ లేని వ్యక్తి పేరు వస్తే, ఆ వ్యక్తి ఎవరని అడగండి. సరైన జవాబు ఉండొచ్చు, అడగడంలో తప్పులేదు.

రెండోది జీఎస్టీ నంబరు. పదిహేను అక్షరాల ఆ సంఖ్యలో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే వ్యాపారి అసలు పేరు, రిజిస్ట్రేషన్ అమల్లో ఉందా రద్దయిందా అన్నది ఎవరికైనా కనిపిస్తుంది. ధర్మవరం మగ్గం నుంచి నేరుగా మీ ఇంటికే అనే దుకాణం నంబరు 24తో మొదలైతే ఆ రిజిస్ట్రేషన్ గుజరాత్‌ది. అంతమాత్రాన మోసం అనలేం గానీ, 'నేరుగా' అన్న మాట గురించి మాత్రం నిలదీయవచ్చు. చిన్న అమ్మకందారులకు ఈ నంబరు లేకపోవచ్చు, అది నేరమేమీ కాదు. అలాంటిచోట మొదట ఒక చవక చీరతో మొదలుపెట్టడం మేలు.

చట్టం మన పక్షాన లేదా అంటే, కాగితం మీద బాగానే ఉంది. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకోకపోవడం, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా తీసుకోకపోవడం కూడా అంతే. ఈ-కామర్స్ వేదికలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోగా పరిష్కరించాలని 2020 నిబంధనలు అంటున్నాయి. 2023 నవంబరు 30న ఆన్‌లైన్‌లో కొనేవారిని తప్పుదారి పట్టించే 13 రకాల మాయలను (డార్క్ ప్యాటర్న్‌లు) నిషేధించారు. సరుకు నిండుగా ఉన్నా 'ఇంకా రెండే మిగిలాయి' అని తొందరపెట్టడం వాటిలో ఒకటి.

అసలు గొయ్యి బ్యాంకు దగ్గర ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న తెచ్చిన నియమం ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా, మన అనుమతి లేకుండా ఎవరో డబ్బు లాగేస్తే, మూడు పనిదినాల్లో చెబితే నష్టం మనది కాదు. మోసగాడి మాటలు నమ్మి మనమే పిన్ నొక్కితే మాత్రం అది మన అనుమతితో జరిగిన చెల్లింపు. ఇన్‌స్టాగ్రామ్ చీర సరిగ్గా ఈ కోవలోకే వస్తుంది.

బ్రిటన్ దీన్ని వేరుగా చూసింది. అక్కడ 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి తన చేతులతో తానే డబ్బు బదిలీ చేసిన ఖాతాదారుకు 85 వేల పౌండ్ల వరకు బ్యాంకులు తిరిగి చెల్లించాలి. కొన్ని మినహాయింపులున్నాయి. ఆ భారాన్ని డబ్బు పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం మోయాలి. నాకు నచ్చింది ఆ రెండో సగం. దొంగ డబ్బు గాలిలోకి పోదు, ఎవరో గుర్తింపు పత్రాలిచ్చి తెరిచిన ఖాతాలోకే పోతుంది. దొంగ డబ్బు దాటించడానికి అద్దెకిచ్చిన ఖాతాను (మ్యూల్ ఖాతా అంటారు) పట్టుకోవాల్సింది దాన్ని తెరిచిన బ్యాంకే తప్ప రాజమహేంద్రవరంలో చీర కొనుక్కునే గృహిణి కాదు. ప్రకటనకు డబ్బు తీసుకుని ఆ పేజీని మన కళ్లముందు పెట్టిన సామాజిక మాధ్యమానిదీ ఇదే వరస. ఫిర్యాదులు గుట్టలు పడ్డాక పేజీ మూసేయడం, దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టే ఉంటుంది.

వస్తువు వచ్చాకే డబ్బు కడితే సరిపోతుందా? కొంతవరకే. చాలాచోట్ల డబ్బిచ్చాకే పెట్టె విప్పనిస్తారు, లోపల ఏముందో అప్పటిదాకా తెలియదు. ఎవరూ ఆర్డర్ చేయని పార్సిల్ ఇంటికొచ్చి, పెద్దవాళ్లు పిల్లలెవరో తెప్పించుకున్నారనుకుని డబ్బిచ్చి పంపడమూ ఉంది. పాత సోఫా అమ్మబోతే 'డబ్బు పంపిస్తాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అనేవాడి గురించి ఒక్క మాట చాలు: డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సిగ్గుపడి రెండు రోజులు ఆగితే ఆ డబ్బు ఖాతాలు మారి చేతికందకుండా పోతుంది. లావాదేవీ యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ సంభాషణ దాచుకోవాలి, కోపంలో చెరిపేయకూడదు. మోసం కాదు, నాసిరకం సరుకు అంటగట్టారంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండే జిల్లా నుంచే కేసు వేయవచ్చు, కొన్న సరుకు విలువ ఐదు లక్షలు దాటకపోతే రుసుము కూడా లేదు. అయితే నోటీసు పంపడానికి కమిషన్‌కు అవతలివారి పేరు, చిరునామా కావాలి. డబ్బు అందాక వాట్సాప్ నంబరు పలకదు కాబట్టి, ఆ రెండూ చెల్లింపుకు ముందే అడిగి రాసి పెట్టుకోవాలి.