రంపపు పెట్టెకు బహిరంగ లేఖ

మ్యాజిక్ షోలో అమ్మాయిని పడుకోబెట్టి, రంపంతో రెండుగా కోసి, మళ్లీ అతికించే చిరంజీవి రంపపు పెట్టెకు, తిరుపతి నుంచి టికెట్టు కొన్నవాడొకడు ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా,

మోసపోవడంలో మా ఊరికి నువ్వు కొత్తగా నేర్పేదేమీ లేదు. రేణిగుంట దారిలో ప్లాటు చూపిస్తామని కారెక్కిస్తారు, తిరిగొచ్చేసరికి అడ్వాన్సు మాయం. వీధి చివర చిట్టీలు నడిపినాయన ఓ రాత్రి ఇంటిల్లిపాదితో సహా మాయం. వాళ్లకి శాపనార్థాలు పెట్టే మేమే నీ దగ్గరికొచ్చేసరికి డబ్బిచ్చి, పిల్లాజెల్లాతో కూర్చుని మరీ మోసపోతాం. మోసం సరిగ్గా కుదరకపోతే టికెట్టు డబ్బులు వాపసు ఇమ్మని గొడవ చేస్తాం కూడా. ఏం మందు పెట్టావే మాకు?

చూడబోతే నీ ఒంట్లో ఏముంది? ప్లైవుడ్డు, దాని మీద మెరుపు కాగితం నక్షత్రాలు. ఓ మూల మేకు పైకి లేచి, ఆ అమ్మాయి చీర కొంగు రెండుసార్లు పట్టుకుంది కూడా. ఎవరైనా వచ్చి పరీక్ష చేసుకోవచ్చు అనగానే మా బావ లేచాడు. రిటైర్డ్ ఇంజనీరు. చుట్టూ తిరిగి వేళ్ల కణుపులతో టకటకా కొట్టాడు. ఎక్కడ కొట్టమని చూపించారో సరిగ్గా అక్కడే కొట్టాడు. "అంతా సాలిడ్" అని మైకులో సర్టిఫికెట్టు ఇచ్చి, కాలర్ సర్దుకుంటూ దిగాడు.

మా చెల్లెలి కూతురికి మూడేళ్లు. దానికి నువ్వు ఆనలేదు. మనిషిని కోస్తే మళ్లీ అతకదని తెలిసినవాళ్లకే కదా, అతికినప్పుడు నోరు తెరుచుకునేది! కాబట్టి నిన్ను చూసి ఆశ్చర్యపోవాలన్నా కాస్త లోకజ్ఞానం కావాలి. ఆ జ్ఞానం మరీ ముదిరితే నీ పని ఇంకా సులువు. మెజీషియన్ ఎటు చూస్తే అటు చూడడం, పెద్ద చెయ్యి ఊపితే చిన్న చెయ్యిని మరిచిపోవడం, జోకేస్తే నవ్వడం మాకు బడిలోనే అబ్బిన క్రమశిక్షణ. ఆ నవ్వు సందులోనే అక్కడ పని కానిచ్చేస్తారు. చిన్నపిల్లలు చూడమన్నచోట చూడరు, అందుకే వాళ్లని బోల్తా కొట్టించడం కష్టం.

నీది గొప్ప వంశమని ఒప్పుకోవాలి. 1921 జనవరిలో లండన్‌లో పి.టి. సెల్బిట్ అనే మెజీషియన్ ఒకామెను పెట్టెలో పెట్టి జనం ముందు కోశాడు. అక్కడి నుంచే నీ పేరు మోగింది. 1956 ఏప్రిల్ 9న మన మెజీషియన్ పి.సి. సర్కార్ బీబీసీ టీవీ కార్యక్రమం 'పనోరమా'లో, పెట్టె కూడా లేకుండా, బల్ల మీద పడుకోబెట్టిన అమ్మాయిని గుండ్రటి రంపంతో కోశాడు. చెయ్యి రుద్ది పిలిస్తే ఆమె పలకలేదు. ముఖం మీద గుడ్డ కప్పేశాడు. అంతలో వ్యాఖ్యాత అడ్డొచ్చి, ఇంక సెలవన్నాడు. హత్య జరిగిపోయిందని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు. టైమైపోయిందని వాళ్ల సంజాయిషీ. సర్కార్ లాంటి ఘటికుడు గడియారం చూసుకోకుండా రంపం పడతాడంటే నేను మాత్రం నమ్మను. ఏమైతేనేం, అతికించకుండా వదిలేస్తే నీది వినోదం కాదు, పోలీసు కేసు అని ఆ రాత్రి తేలిపోయింది. మా చిట్టీలాయనకూ నీకూ తేడా అక్కడే. ఆయన ఆటలో రెండో అంకం ఇంకా మొదలు కాలేదు.

తెలిసీ తెలియనట్టుండడం, మగాళ్లు ఆడవేషం కట్టి గంగమ్మను కొలిచే మా గంగజాతర నేర్పిన విద్య. పక్కింటి మీసాలాయన పట్టుచీర కట్టి, పూలజడ వేసుకుని తాతయ్యగుంట గంగమ్మ గుడి దారిన పోతుంటే, ఈయన ఫలానా అని ఎవరూ కేకెయ్యరు. తెలిసే దండం పెడతాం. నీ దగ్గర మాత్రం మా నోరు ఊరుకోదు. ఆట అయిపోయాక టౌన్‌క్లబ్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ ఒకటే రచ్చ.

"లోపల ఇద్దరాడోళ్లుంటారబ్బా, కాళ్లు వేరేదానివి!"

"కాదప్పా, అంతా అద్దాలే."

"నేను కొట్టి చూసినా కదరా!" అని బావ.

టికెట్టు డబ్బులు గిట్టుబాటయ్యేది ఆ అరగంటలోనే. అప్పుడు మా మేనల్లుడు సెల్లు తీసి, నీ గుట్టు మొత్తం వీడియోలో చూపించేశాడు. నీ అడుగు పలకకి నల్లరంగు ఎందుకు పూస్తారో కూడా. "ఓస్, ఇంతేనా" అన్నారు అందరూ. ఆటోలో ఇల్లు చేరేదాకా వాడితో ఒక్కరూ మాట్లాడలేదు. బావైతే ఆ వీడియో అబద్ధమని తేల్చేశాడు.

కాబట్టి నా విన్నపం ఒకటే. వచ్చే వేసవి సెలవులకు తప్పక రా. ఆ మేకు కొట్టించుకో. తనిఖీకి మళ్లీ మా బావనే పిలువు. ఈసారి టార్చిలైటు తెస్తానంటున్నాడు, తెచ్చుకోనీ.

ఇట్లు,
మూడో వరుసలో ముక్కున వేలేసుకున్నవాడు